చూపు తగ్గినవాళ్లు బండి నడపగలరా? సిమ్యులేటర్‌తో తేల్చుకునే పద్ధతి

పక్షవాతం వచ్చి ఎడమవైపు చూపు పోయిన ఒక పెద్దాయన్ని మొదటిసారి మా సిమ్యులేటర్‌లో, అంటే తెరల ముందు నిజం కారులాగే నడిపించే మిషనులో, కూర్చోబెట్టిన రోజు నాకు బాగా గుర్తు. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న డ్రైవరు. బండి గీత దాటలేదు, వేగం తప్పలేదు, సిగ్నళ్లన్నీ పాటించారు. మిషను ఇచ్చిన స్కోరు చూస్తే, పక్కన నిలబడ్డ నాకన్నా ఆయనే నయమనిపించింది. ఈలోగా ఎడమవైపు నుంచి ఒక మనిషి రోడ్డు దాటాడు. ఆయన బ్రేకు మీద కాలు కూడా వేయలేదు, నేరుగా వెళ్లిపోయారు. ఆపి, అదే భాగం మళ్లీ వేసి చూపించాను. "ఇందాక ఇక్కడ మనిషి లేడండీ, మీరు తర్వాత పెట్టారు" అన్నారు ఆయన, నిజంగానే నమ్ముతూ.

ఈ పని చేసేవాళ్లకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. మిషను ఇచ్చే మొత్తం స్కోరును పక్కన పెట్టండి. ఏ వైపు, ఎంత కోణంలో, ఎంత ఆలస్యంగా కనిపెట్టారన్నదే అసలు పరీక్ష. మీరు కంటిచూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టు కావచ్చు, పునరావాస కేంద్రంలో థెరపిస్టు కావచ్చు, డ్రైవింగ్ నేర్పేవారు కావచ్చు. చేతిలో ఒక సిమ్యులేటర్ ఉండి, దాన్ని ఈ పనికి ఎలా వాడాలో తెలియక ఆగి ఉంటే ఇది మీకోసమే.

ముందు ప్రశ్న రాసుకోండి

సిమ్యులేటర్ ఆన్ చేయడానికి ముందే కాగితం మీద ఒక వాక్యం రాయండి. "ఈయన బండి నడపగలరా?" అని రాస్తే లాభం లేదు, దానికి ఏ మిషనూ జవాబు చెప్పదు. "ఎడమవైపు చూపు లేకపోయినా, తల తిప్పుతూ ఆ లోటు పూడ్చుకుంటున్నారా?" అనో, "చూపు మధ్యలో మచ్చ ఉన్నందువల్ల ఎదురుగా వచ్చే మనిషిని ఎంత ఆలస్యంగా కనిపెడుతున్నారు?" అనో రాయండి. ఏ సన్నివేశాలు పెట్టాలో, ఏ అంకెలు చూడాలో ఆ వాక్యమే నిర్ణయిస్తుంది.

చట్టం సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. చాలా దేశాల్లో లైసెన్సుకు చూపు కొలతలు రాసిపెట్టి ఉంటాయి. యూరప్ నిబంధన ప్రకారం మామూలు కారు లైసెన్సుకు రెండు కళ్లతో కలిపి కనీసం 0.5, అంటే 6/12 చూపు (మామూలు కంటికి 12 మీటర్ల నుంచి కనపడేది 6 మీటర్ల నుంచి కనపడటం) ఉండాలి. అడ్డంగా 120 డిగ్రీల ఫీల్డ్, అంటే కన్ను కదపకుండా కనపడే మేర, ఉండాలి, అందులో కుడికి, ఎడమకు కనీసం 50 చొప్పున. నడిమి 20 డిగ్రీల లోపల లోపం ఉండకూడదు. మీ దగ్గర ఏ నిబంధన నడుస్తుందో కనుక్కోండి. నిబంధనలో ఉన్న అంకెను సిమ్యులేటర్ మార్చలేదు. మినహాయింపు అడిగే వీలున్న చోట, లేదా నిబంధన లోపలే ఉన్నా అనుమానం మిగిలిన చోట, అది సాక్ష్యంగా పనికొస్తుంది. వచ్చినవాళ్లకు ఈ సంగతి మొదటి రోజే చెప్పకపోతే, పరీక్ష బాగా చేసి కూడా లైసెన్సు రాలేదని చివర్లో మీ మీదే కోపం తెచ్చుకుంటారు.

కంటి పరీక్షలు ముందే అయిపోవాలి

చార్టు చదివించడం, ఫీల్డ్ చూడటం అందరూ చేస్తారు. డ్రైవింగ్ కోసం ఫీల్డ్‌ను ఎక్కువగా ఎస్టర్‌మన్ పద్ధతిలో, రెండు కళ్లూ తెరిచి, 120 చుక్కలతో చూస్తారు. దాని లోపం ఒకటి తెలిసి ఉండాలి. అందులో వాడే చుక్క బాగా వెలుతురుగా ఉంటుంది, కాబట్టి చూపు కొంచెం మందగించిన చోట్లు కూడా బాగున్నట్టే వస్తాయి. పైగా సరిగ్గా నడిమధ్య భాగంలో చుక్కలే ఉండవు. అందుకే మామూలుగా ఒక్కో కంటికి తీసే నడిమి ఫీల్డ్ రిపోర్టు కూడా పక్కన పెట్టుకోండి.

చాలామంది వదిలేసేది కాంట్రాస్ట్ పరీక్ష, అంటే వెనకనున్న రంగులో కలిసిపోయేదాన్ని ఎంతవరకు విడిగా చూడగలరన్నది. పెల్లి-రాబ్సన్ చార్టు ఒకటి గోడకుంటే చాలు, అయిదు నిమిషాల పని. అక్షరాల సైజు అంతా ఒకటే, రంగు మాత్రం క్రమంగా వెలిసిపోతూ వస్తుంది. శుక్లాలు ఉన్నవాళ్లు నల్లటి అక్షరాల చార్టు బాగానే చదివేసి, దీని దగ్గర ఆగిపోతారు. ప్రమాదాలు చేసిన, చేయని పెద్ద వయసు డ్రైవర్లను పోల్చి సింథియా ఓస్లీ బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో, శుక్లాలున్నవాళ్ల ప్రమాదాలతో గట్టి సంబంధం కనిపించింది ఈ కాంట్రాస్ట్ లోపానికే. సంధ్యవేళ బూడిదరంగు చొక్కా వేసుకుని రోడ్డు దాటే మనిషిని నల్లటి అక్షరాల చార్టు పట్టదు కదా.

పక్షవాతం వచ్చినవాళ్ల విషయంలో ఇంకొకటి ఉంది. సగం చూపు పోవడం వేరు, ఆ సగాన్ని మెదడు పట్టించుకోకపోవడం వేరు. మొదటిదాంట్లో మనిషికి తన లోటు తెలిసే అవకాశం ఉంది, తల తిప్పి సర్దుకోగలడు. రెండోదాంట్లో ఆ వైపు ఒకటుందన్న స్పృహే ఉండదు. అడ్డగీతను సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమనండి. గుర్తు బాగా కుడికి జరిగితే ఎడమవైపు నిర్లక్ష్యమేమోనని అనుమానించి, న్యూరాలజీ వాళ్లకు పంపండి. అది తేలేదాకా సిమ్యులేటర్ జోలికి వెళ్లొద్దు.

తెరలు, కుర్చీ, కళ్లద్దాలు

ఇది విసుగు పుట్టించే భాగమే. నేను మొదటి ఏడాది అంతా తప్పు చేసింది కూడా ఇక్కడే.

పక్క చూపును పరీక్షించాలంటే ఒక్క తెర చాలదు. సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పున్న తెర, అంటే మామూలు 27 అంగుళాల మానిటర్, కంటికి 52 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 60 డిగ్రీలు ఆక్రమిస్తుంది. అలాంటివి మూడు పెట్టి, పక్క రెండింటినీ 60 డిగ్రీల చొప్పున లోపలికి తిప్పితే మొత్తం 180 డిగ్రీలు వస్తాయి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద ఎన్ని డిగ్రీల దృశ్యం చూపాలి) అనే సెట్టింగ్ కూడా ఒక్కో తెరకు 60 అనే ఉండాలి. అక్కడ 90 పెట్టి ఉంటే దృశ్యమంతా కుదించుకుపోతుంది, మీరు 20 డిగ్రీల దగ్గర పెట్టాననుకున్న మనిషి నిజానికి ఇంకా లోపలికి వచ్చేస్తాడు. వేగం తప్పుగా అనిపిస్తుంది, కళ్లు తిరగడమూ ఎక్కువవుతుంది.

కుర్చీని కదలకుండా బిగించండి. పది సెంటీమీటర్లు ముందుకు జరిగితే అదే తెర 60 బదులు 71 డిగ్రీలు అవుతుంది. పెద్దవాళ్లు టెన్షన్‌లో ముందుకు వంగి స్టీరింగ్ మీద వాలిపోవడం మామూలే. నేల మీద టేపు అంటించి, ప్రతి రౌండు ముందూ ఒక టేపుకొలతతో కంటి నుంచి తెర దాకా కొలుస్తాను. పిల్లల ఆటలా కనిపిస్తుంది కానీ, మొత్తం కోణాల లెక్క దాని మీదే నిలబడి ఉంది.

ఇక పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ తెరకు అడ్డంగా 1920 పిక్సెళ్లు ఉంటాయి. వాటిని 60 డిగ్రీలకు పరిస్తే డిగ్రీకి 32. 6/6 చూపుకు సరిపడా వివరం చూపాలంటే డిగ్రీకి 60 కావాలి. అంటే ఆ తెర ముందు కూర్చున్న నిక్షేపమైన కళ్లకు కూడా చూపు 6/12 దగ్గరే ఆగిపోయినట్టు లెక్క. అందుకే ఫుల్ హెచ్‌డీ సిమ్యులేటర్‌లో బోర్డులు చదివించి మార్కులు వేయకండి. ఎవరు కూర్చున్నా ఆలస్యంగానే చదువుతారు. బయోప్టిక్ టెలిస్కోపు (కళ్లద్దాలకు పైభాగాన బిగించే చిన్న దూరదర్శిని) పెట్టుకునేవాళ్లను ఇలాంటి తెర ముందు పరీక్షించడమైతే పూర్తిగా వృథా, ఆ టెలిస్కోపు పిక్సెళ్లనే పెద్దవి చేసి చూపిస్తుంది. 4కే తెర అయితే డిగ్రీకి 64 వస్తాయి, అప్పుడు ఆలోచించవచ్చు.

నా తప్పు కళ్లద్దాల దగ్గర జరిగింది. నిజం కారులో అన్నీ దూరంగా ఉంటాయి, దూరపు అద్దాలు సరిపోతాయి. ఇక్కడ తెర 52 సెంటీమీటర్ల దూరంలో ఉంది. నలభై అయిదు దాటినవాళ్లకు ఆ దూరం దూరపు అద్దాలతో మసకే. ప్రోగ్రెసివ్ అద్దాలు (పైన దూరానికి, కింద దగ్గరికి పవరు మారుతూ వచ్చేవి) పెట్టుకుంటే తెర స్పష్టంగా కనపడటానికి గడ్డం పైకెత్తుతారు, పక్కలకు చూస్తే అద్దం అంచుల్లో మసక. ఆ మసకనంతా నేను కంటిజబ్బు ఖాతాలో వేసి రిపోర్టులు రాశాను. తెలిశాక వాళ్లందరినీ మళ్లీ పిలిపించాల్సి వచ్చింది. ఇప్పుడు దూరపు నంబరుకు దాదాపు +1.75 నుంచి +2 కలిపి, ఒకే పవరున్న అద్దాలు సన్నటి ఫ్రేములో సిద్ధంగా ఉంచుతాను. లావుపాటి ఫ్రేములు పక్క చూపును కోసేస్తాయి, కంటి పరీక్షలో అద్దాలు మార్చి చూసే ట్రయల్ ఫ్రేము అసలు వద్దు.

ఒక పరిమితిని మాత్రం ఏ సర్దుబాటూ దాటించలేదు, అది వెలుతురు. ఎండలో రోడ్డు వెలుతురు మానిటర్ వెలుతురుకు ఎన్నో రెట్లు. ఎదురొచ్చే హెడ్‌లైట్ కళ్లలో కొట్టడమన్నది మానిటర్ మీద ఒక తెల్ల చుక్క మాత్రమే. కాబట్టి శుక్లాలు, కార్నియా మచ్చలు, రేచీకటి ఉన్నవాళ్లు సిమ్యులేటర్‌లో రాత్రి డ్రైవింగ్ బాగా చేశారని సంబరపడకండి. ఆ ప్రశ్నకు జవాబు గ్లేర్ (కళ్లలో కొట్టే వెలుతురు) పరీక్షలో, చీకటి పడ్డాక నిజం రోడ్డు మీద వెతకాలి.

సన్నివేశాలు తయారుచేయడం

అసలు తెలివంతా చూపించాల్సింది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

మీరు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకోండి, అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఎడమవైపు నుంచి ఒక మనిషి మామూలు నడకతో, సెకనుకు 1.4 మీటర్ల చొప్పున, రోడ్డు మీదకు వస్తున్నాడు. ఇద్దరూ 5 సెకన్ల తర్వాత ఒకే చోటికి చేరతారనుకుంటే, ఈ క్షణాన అతను మీకు 70 మీటర్ల ముందు, 7 మీటర్ల పక్కన ఉంటాడు. కోణం లెక్క వేస్తే సుమారు 6 డిగ్రీలు. మూడు సెకన్ల ముందు చూసినా 6 డిగ్రీలే. ఒక సెకను ముందూ 6 డిగ్రీలే. గుద్దుకోబోయే వస్తువు కంటికి ఒకే కోణంలో నిలిచిపోతుంది, పెద్దదవుతుందే తప్ప పక్కకు జరగదు.

ఇప్పుడు ఆ 6 డిగ్రీలు చూపు పోయిన సగంలో ఉన్నాయనుకోండి. డ్రైవరు ఎదురుగానే చూస్తూ ఉంటే ఆ మనిషి చివరి క్షణం దాకా చీకటి కోణంలోనే నడుస్తూ వస్తాడు, ఒక్కసారి కూడా బయటపడడు. "ఇక్కడ మనిషి లేడండీ" అన్న పెద్దాయన అబద్ధం చెప్పలేదు. కళ్లు బాగున్నవాళ్లకు కూడా కారు ముందు అద్దం పక్కన ఉండే స్తంభం వెనక మనిషి దాగిపోయేది ఈ లెక్కతోనే.

కాబట్టి చాలా సిమ్యులేటర్లలో రెడీమేడ్‌గా వచ్చే సన్నివేశాలు, అంటే పార్క్ చేసిన బండి వెనక నుంచి పిల్లాడు హఠాత్తుగా దూకడం లాంటివి, మనకు అంతగా ఉపయోగపడవు. అవి ఎంత చురుగ్గా స్పందిస్తారో చూస్తాయి, చూపును కాదు. మీకు కావలసింది దూరం నుంచే కనపడే అవకాశం ఉండి, ఒకే కోణంలో నిలిచి, గుద్దే దారిలో వచ్చే మనుషులు, బండ్లు. 50 కిలోమీటర్ల వేగంలో నడిచే మనిషికి 6 డిగ్రీలు. సెకనుకు 5 మీటర్ల వేగంతో అడ్డంగా వచ్చే సైకిలుకు 20 డిగ్రీలు. అడ్డరోడ్డు మీద మీతో సమాన వేగంతో వచ్చే కారుకు 45 డిగ్రీలు. సాఫ్ట్‌వేర్‌లో ఆ మనిషిని డ్రైవరు వేగానికి ముడిపెట్టే వీలుంటే తప్పకుండా పెట్టండి. లేకపోతే డ్రైవరు కాస్త నెమ్మదించగానే లెక్క చెదిరి, అతను మామూలుగా కనిపించేస్తాడు.

ఎన్ని పెట్టాలి? ప్రతి వైపూ కనీసం 20. ఎక్కువనిపిస్తుందని తెలుసు. కానీ 3 పెట్టి ఒకటి వదిలితే దానికి అర్థం లేదు, మీరు నేను కూడా ఒకటి వదులుతాం. 20లో ఒక్కటీ వదలని మనిషి కూడా అసలైన రోడ్డు మీద వందకు 15 దాకా వదిలే అవకాశాన్ని గణితం కొట్టిపారేయదు. అంతకన్నా తక్కువ పెడితే మనం చేస్తున్నది పరీక్ష కాదు, జాతకం. మొత్తం 40ని పది పన్నెండు నిమిషాల రౌండ్లుగా విడగొట్టి, వీలైతే రెండు రోజులకు పంచండి.

కుడి ఎడమల వరసను కలగాపులగం చేయండి. మొదట్లో నేను పెట్టిన మనుషులందరూ బస్‌స్టాపుల దగ్గరే ప్రత్యక్షమయ్యేవాళ్లు. మూడో బస్‌స్టాపుకల్లా అందరికీ అర్థమైపోయేది. అలాగే రోడ్డు పక్కన స్తంభాలు, చెత్తడబ్బాలు, నిలబడి కదలని మనుషులు కూడా ఉండాలి. లేకపోతే ఏ నీడ కనపడినా హారన్ నొక్కేవాడు వందకు వంద తెచ్చుకుంటాడు. తప్పు హారన్ల లెక్క విడిగా రాసుకోండి.

హారన్ అన్నాను కదా, ఆ పద్ధతి సులువైనది. రోడ్డు మీదకు వచ్చే మనిషి కనపడగానే స్టీరింగ్ మీది హారన్ బటన్ నొక్కమంటాం. ఎప్పుడు చూశారో సెకన్లతో సహా రికార్డవుతుంది. బోస్టన్‌లోని షెపెన్స్ కంటి పరిశోధన సంస్థలో అలెక్స్ బవర్స్, ఎలీ పెలీ బృందం 2009లో ప్రచురించిన పరిశోధన ఇలాంటిదే. సగం చూపు పూర్తిగా పోయిన 12 మంది చేత సిమ్యులేటర్ నడిపించి, సుమారు 4 డిగ్రీల దగ్గర, 14 డిగ్రీల దగ్గర మనుషులను పెట్టారు. చూపు లేని వైపు కనిపెట్టినవి ఒక్కొక్కరికి 6 శాతం నుంచి 100 శాతం దాకా ఉన్నాయి. ఒకే జబ్బు, ఒకేలాంటి ఫీల్డ్ చార్టు, మనుషుల మధ్య తేడా మాత్రం అంత. చార్టు ఒక్కటే చూసి అవుననో కాదనో ఎందుకు చెప్పలేమో దీన్నిబట్టి తెలుస్తుంది.

హారన్‌తో ఒక చిక్కుంది. నొక్కమని చెప్పగానే మనిషి వేట మొదలుపెడతాడు, మామూలుగా నడిపేటప్పటికంటే ఎక్కువ వెతుకుతాడు. అందుకే మొదటి రౌండులో హారన్ మాట ఎత్తకుండా, ఊరికే నడపమని చెప్పి, నాలుగైదు సన్నివేశాలు పెట్టండి. బ్రేకు, స్టీరింగ్ కదలికలే అక్కడ సాక్ష్యం. ఆ రౌండుకీ హారన్ రౌండుకీ ఎంత తేడా ఉందో అదే చాలా చెబుతుంది.

మీ మిషనును ముందు మీరే నమ్మాలి

ఇంకొకరి పరిశోధనలోని అంకెలు మీ తెరలకు వర్తించవు. కళ్లు బాగున్న, మీ దగ్గరకు వచ్చేవాళ్ల వయసే ఉన్న పదిమందినైనా కూర్చోబెట్టి అవే సన్నివేశాలు నడిపించండి. వాళ్లలో సగంమంది వదిలేసిన సన్నివేశం ఉంటే అది చెడ్డ సన్నివేశం, తీసేయండి. మిగిలినవాళ్ల సమయాలే మీ కొలబద్ద. మీ ఇరవై అయిదేళ్ల సహోద్యోగిని కొలబద్దగా పెట్టుకుంటే అరవై ఏళ్లవాళ్లందరూ ఫెయిలవుతారు.

పరీక్ష రోజు

కళ్లు తిరగడం, వికారం చాలామందికి వస్తాయి, పెద్ద వయసువాళ్లకు మరీ. కళ్లు బండి కదులుతోందంటాయి, చెవిలోని సమతూకపు అవయవం లేదంటుంది. ఆ గొడవే కారణం. నడపడానికి ముందూ తర్వాతా ఒక ప్రశ్నపత్రం నింపించండి. కెనడీ బృందం 1993లో తయారుచేసినది ఎక్కువమంది వాడతారు. 16 లక్షణాలు, ఒక్కోదానికి 0 నుంచి 3. గది చల్లగా ఉంచి ముఖానికి ఫ్యాను పెట్టండి. మొదటి పది నిమిషాలు తిన్నటి రోడ్డే, మలుపులు వద్దు. వికారం అన్నిటికన్నా ఎక్కువ తెప్పించేవి కూడళ్లలో తిరిగే మలుపులు. వాటిని చివరి రౌండుకు ఉంచండి.

చెమట పట్టినా, ఆవలింతలు వరసగా వచ్చినా అక్కడే ఆపేయండి. "పర్లేదండీ, కానిచ్చేద్దాం" అంటారు, లైసెన్సు పోతుందేమోనన్న భయంతో. ఒప్పుకోకండి. వికారంతో ఉన్న మనిషి తల తిప్పడం మానేస్తాడు, తల తిప్పడమే మనం చూడాలనుకున్నది. అలాంటి రౌండును "పూర్తి కాలేదు" అని రాయాలి, ఫెయిల్ అని కాదు. ఆ రోజు ఇంటికి వాళ్లు బండి నడుపుకుంటూ వెళ్లకుండా తోడు ఎవరైనా ఉన్నారో లేదో రాకముందే ఫోనులో అడగండి.

నడుస్తున్నంతసేపు మాట్లాడకండి. "ఎడమవైపు కూడా చూసుకోండి" అని ఒక్క మాట జారితే ఆ రౌండు మీది, ఆయనది కాదు. ఇంట్లోవాళ్లను పక్కగదిలో కూర్చోబెట్టండి, భార్యాభర్తలైతే మరీ ముఖ్యం.

ఒక మామూలు వెబ్‌క్యామ్‌ను డ్రైవరు ముఖం వైపు పెట్టండి. కంటిచూపును వెంటాడే పరికరం ఉంటే మంచిదే, లేకపోయినా తల తిప్పడం వీడియోలో తెలిసిపోతుంది. కూడలి దగ్గర చూపు లేని వైపుకు తల తిప్పారా, ఎన్నిసార్లు, ఎంత దూరం? కొంచెం తిప్పి ఆపేయడం మామూలుగా కనిపించే పొరపాటు. తిప్పారు కాబట్టి చూశాననుకుంటారు, కానీ సగం ఫీల్డ్ లేనప్పుడు ఆ కొంచెం చాలదు.

లెక్క వేసేటప్పుడు

ప్రతి సన్నివేశానికీ చూశారా లేదా అన్నది ఒకటి, సమయానికి చూశారా అన్నది రెండోది. 50 కిలోమీటర్ల వేగంలో కాలు బ్రేకు మీదకు రావడానికి అర సెకను, అంటే 7 మీటర్లు. మామూలు గట్టి బ్రేకుతో ఆగడానికి ఇంకో 19 మీటర్లు. మొత్తం 26 మీటర్లు, దాదాపు 2 సెకన్లు. హారన్ నొక్కేసరికి ఇంకా 2 సెకన్లకంటే తక్కువ మిగిలి ఉంటే దాన్ని చూసినట్టు రాయకండి, "ఆలస్యం" అని వేరే గడిలో వేయండి. రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నవాళ్లలో ఈ గడి ఎక్కువ నిండుతుంది. వాళ్లు మనిషిని వదిలేయరు, మధ్యలో మచ్చ పక్కకు జరిగేదాకా పోల్చుకోలేరు.

నీటికాసుల (గ్లాకోమా) వాళ్ల విషయంలో ఒక జాగ్రత్త. వాళ్లకు నల్లటి గుంతలేమీ కనపడవు. పోయిన చోటును మెదడు చుట్టుపక్కల దృశ్యంతో పూడ్చేస్తుంది. "నాకంతా బాగానే కనపడుతోంది" అని వాళ్లంటే అది మొండితనం కాదు. పై సగం పోయిందో కింది సగం పోయిందో ఫీల్డ్ చార్టులో చూసి, సన్నివేశాలను ఆ ప్రాంతంలోనే పెట్టండి. పై సగం పోయినవాళ్లకు పైన వేలాడే సిగ్నళ్లు పెట్టకుండా, రోడ్డు దాటే మనుషులతో పరీక్షించి బాగుందనడం న్యాయం కాదు.

గీత దాటడం, వేగం లాంటివి కూడా చూడండి, కానీ వాటికి పెద్ద బరువు ఇవ్వకండి. సిమ్యులేటర్‌లో వేగం ఉన్నదానికంటే తక్కువగా అనిపిస్తుంది, అందరూ కొంచెం తొక్కేస్తారు. ఉన్నట్టుండి బాగా నెమ్మదిస్తే మాత్రం గమనించాలి, చాలామంది చూపు తగ్గినవాళ్లు లోటు పూడ్చుకునే మార్గం అదే.

ఆ మాట చెప్పడం, ఆ తర్వాత

ఫలితం చెప్పేటప్పుడు అంకెలు తర్వాత, వీడియో ముందు. వదిలేసిన సన్నివేశాన్ని, పక్కనే వెబ్‌క్యామ్‌లో వాళ్ల తలను కలిపి చూపించండి. మనిషి 5 సెకన్లపాటు తెర మీద ఉండటం, తన తల కదలకపోవడం రెండూ ఒకేసారి కనపడతాయి. ఆ పెద్దాయన రెండోసారి చూసినప్పుడు వాదించలేదు. మూడోసారి వేయమని అడిగారు.

రిపోర్టులో పాస్, ఫెయిల్ అని రాసి సంతకం పెట్టకండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "కుడివైపు 20లో 19, ఎడమవైపు 20లో 11 సమయానికి కనిపెట్టారు. ఎడమ వదిలినవి ఎక్కువగా 20 డిగ్రీల దగ్గర. కూడళ్లలో ఎడమకు తల తిప్పడం తక్కువ. రాత్రి వెలుతురు, గ్లేర్ పరీక్షించలేదు." తెర రకం, కోణాలు, పెట్టుకున్న అద్దాల నంబరు కూడా అందులో ఉండాలి. తీసుకునే నిర్ణయం లైసెన్సు అధికారిది, కంటి డాక్టరుది. సిమ్యులేటర్‌లో బాగా చేసినవాళ్లకు తర్వాతి మెట్టు రెండు బ్రేకులున్న శిక్షణ కారులో, అనుభవమున్న శిక్షకుడితో నిజం రోడ్డు. అక్కడ ఏ వైపు, ఏ కూడళ్లలో జాగ్రత్తగా చూడాలో మీ రిపోర్టు ఆయనకు ముందే చెప్పాలి.

తల తిప్పే సాధన చేసి రెండు మూడు నెలల తర్వాత కొందరు తిరిగి వస్తారు. కొందరు చూపు లేని వైపు దృశ్యాన్ని చూపున్న వైపుకు మళ్లించే, కళ్లద్దాల అంచుల్లో అతికించే ప్రిజమ్ అద్దాలతో వస్తారు. అప్పుడు పాత దారి, పాత వరస పెట్టకండి, మనుషులు ఎక్కడ దాటారో మెదడు మర్చిపోదు. అవే కోణాలతో, అవే లెక్కలతో వేరే వీధులున్న రెండో సెట్టును మొదటి సెట్టు చేసిన రోజే తయారు చేసి పెట్టుకోండి. మా పెద్దాయన రెండోసారి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోగానే మొదట అడిగింది, "ఇది అదే రోడ్డా?" అనే.